కార్యదర్శిని పీఏసీ పిలిపించాక ఏం జరుగుతుంది? ఆడిట్ పేరా నుంచి ఆఖరి జవాబు దాకా

మీ ప్రశ్న సూటిగా ఉంది. "ఫలానా శాఖ కార్యదర్శిని పార్లమెంట్ కమిటీ పిలిపించి నిలదీసిందని పేపర్లో చదువుతాం. ఆ తర్వాత ఏమైందో ఎక్కడా రాదు. శిక్ష వేసే అధికారమే లేని కమిటీకి అధికారులు ఎందుకు జంకాలి?" అని అడిగారు. కమిటీలు చాలా ఉన్నాయి కాబట్టి, ప్రభుత్వ యంత్రాంగాన్ని అన్నిటికంటే దగ్గరగా తరచి చూసే ప్రజా పద్దుల కమిటీని, అంటే పీఏసీని తీసుకుని చెబుతాను.

ముందు ఒక మాట. పీఏసీ చేతిలో బెత్తం లేదన్నది నిజమే. ఎవరినీ సస్పెండ్ చేయలేదు, ఒక్క రూపాయి రికవరీకి ఆర్డర్ వేయలేదు. దాని సిఫార్సులను పాటించి తీరాలన్న చట్టం కూడా లేదు. అది చేయగలిగింది ఒక్కటే: ఒక ఫైలులో ఏ తేదీన ఎవరు ఏం రాశారో ప్రభుత్వం చేత రాతపూర్వకంగా ఒప్పించి, ఆ ఒప్పుకోలును పార్లమెంట్ ముందు శాశ్వతంగా పెట్టడం. ఇది చిన్న విషయం కాదు. కానీ ఈ పనికి గడువులు ఉన్నాయి. ఆ గడువులు తప్పితే ఎంత గట్టి నివేదికైనా కాగితంగానే మిగులుతుంది. పీఏసీ గురించి చదివేటప్పుడు నేను మొదట చూసేవి తేదీలే. మీరూ అలాగే చూడమంటాను.

నిర్మాణం గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. 1921లో మొదలైన కమిటీ ఇది. 1950 దాకా ప్రభుత్వంలోని ఆర్థిక బాధ్యుడే దీనికి అధ్యక్షత వహించేవాడు. రాజ్యాంగం వచ్చాక స్పీకర్ అధీనంలోకి మారింది. 22 మంది సభ్యులు: లోక్‌సభ నుంచి 15, రాజ్యసభ నుంచి 7. పదవీకాలం ఏడాది. మంత్రి సభ్యుడిగా ఉండకూడదు. చైర్మన్‌ను స్పీకర్ నియమిస్తారు. 1967లో స్వతంత్ర పార్టీ నేత మీనూ మసానీతో మొదలై ఆ కుర్చీ ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ అయింది. ఇది ఆనవాయితీ మాత్రమే, నిబంధన కాదు. ఈ తేడా మనకు బాగా దగ్గరలోనే కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019-24 మధ్య ప్రతిపక్షం నుంచి పయ్యావుల కేశవ్ పీఏసీ చైర్మన్‌గా ఉన్నారు, తర్వాత ఆయనే ఆర్థిక మంత్రి అయ్యారు. 2024 నవంబర్‌లో పరిస్థితి వేరు. సభ్యులను దామాషా పద్ధతిలో, అంటే పార్టీల బలానికి తగ్గట్టు స్థానాలు దక్కేలా, బదిలీ చేయదగిన ఓటుతో ఎన్నుకుంటారు. 175 మంది సభలో 9 స్థానాలకు పోటీ జరిగితే ఒక్కో స్థానానికి 18 ఓట్లు కావాలి. ప్రతిపక్ష పార్టీకి ఉన్నది 11. దాంతో చైర్మన్ పదవి పాలక కూటమిలోని జనసేన సభ్యుడికి వెళ్లింది. ఆనవాయితీ మీద ఆధారపడిన ఏర్పాటు అంకెల ముందు ఎంత బలహీనమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక అసలు పని. పీఏసీకి ముడిసరుకు కాగ్, అంటే ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, ఇచ్చే నివేదిక. రాజ్యాంగం 151వ అధికరణం కింద కాగ్ నివేదికలు రాష్ట్రపతి ద్వారా పార్లమెంట్ ముందుకు వస్తాయి. అయితే నివేదిక అందాక ఇన్ని రోజుల్లో సభలో పెట్టాలన్న గడువు ఆ అధికరణంలో లేదు. తొలి జాప్యం ఇక్కడే మొదలవుతుంది.

ఆ నివేదికలో ఒక్కో లోపాన్ని ఎత్తిచూపే భాగాన్ని ఆడిట్ పేరా అంటారు. అర్థం కావడానికి ఒక ఊహాత్మక పేరా తీసుకుందాం. ఒక కేంద్ర శాఖ తన ఆస్పత్రులకు ఒక్కొక్కటి 2 కోట్ల చొప్పున 20 స్కానింగ్ యంత్రాలు కొన్నదనుకోండి. మెషీన్ చేరిన వెంటనే 90 శాతం చెల్లించేలా ఒప్పందం. 14 చోట్ల గది సిద్ధం కాలేదు, మరికొన్ని చోట్ల సరిపడా కరెంటు లోడు లేదు. మూడేళ్లు యంత్రాలు పెట్టెల్లోనే ఉన్నాయి. వారంటీ కూడా మూడేళ్లే. అది బిగించిన తేదీ నుంచి కాకుండా చేరిన తేదీ నుంచి లెక్క అని ఒప్పందంలో రాసుకున్నారు. పెట్టె విప్పేసరికి వారంటీ అయిపోయింది.

ఇది కాగ్ నివేదికలో పేరాగా అచ్చయ్యే ముందే శాఖకు జవాబు చెప్పుకునే అవకాశాలు చాలా వస్తాయి. ముందు ఆడిట్ బృందం అక్కడికక్కడే మెమో ఇచ్చి వివరణ అడుగుతుంది. తర్వాత తనిఖీ నివేదిక వెళ్తుంది. విషయం పెద్దదైతే ముసాయిదా పేరాను నేరుగా శాఖ కార్యదర్శి పేరిట పంపుతారు. దానికి ఆరు వారాల్లో జవాబివ్వాలి. చాలా శాఖలు తప్పు చేసేది ఇక్కడే. ఆ ఉత్తరం కార్యదర్శి టేబుల్ మీద నుంచి జాయింట్ సెక్రటరీకి, అక్కడి నుంచి డైరెక్టర్‌కి, సెక్షన్‌కి దిగుతుంది. సెక్షన్ వాళ్లు కింది ఆఫీసుకు రాసి జవాబు కోసం కూర్చుంటారు. ఆరు వారాలూ గడిచిపోతాయి. చివరికి కాగ్ నివేదికలో "శాఖ నుంచి సమాధానం రాలేదు" అన్న వాక్యం అచ్చవుతుంది. రెండేళ్ల తర్వాత పీఏసీ ముందు కూర్చుని "ఆడిట్ వాళ్లు మా వైపు వాదన వినలేదండీ" అంటే చెల్లదు. కమిటీ దగ్గర ఆ ఉత్తరం తేదీ ఉంటుంది.

కాగ్ నివేదికల్లోని పేరాలన్నిటినీ పీఏసీ పిలిచి విచారించలేదు. ఏడాది మొదట్లో కొన్నిటిని ఎంచుకుంటుంది. తనంతట తానుగా కూడా ఒక విషయం ఎత్తుకోవచ్చు. నోట్ల రద్దు మీద 2017 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ ఉర్జిత్ పటేల్‌ను పిలిపించింది అలాగే. కమిటీ ఎంచుకోని పేరాల మాటేమిటి? వాటికీ విడుదల లేదు. పీఏసీ పట్టుబట్టి సాధించిన ఏర్పాటు ప్రకారం, నివేదిక సభ ముందుకొచ్చిన నాలుగు నెలల్లో ప్రతి పేరా మీదా ఏ చర్య తీసుకున్నారో శాఖ రాసివ్వాలి. దాన్నే ఏటీఎన్ అంటారు, యాక్షన్ టేకెన్ నోట్. ఆ నోట్ ముందు ఆడిట్ దగ్గరికి వెళ్లి అందులోని వాస్తవాలు సరిచూపించుకు రావాలి. ఏ పేరా ఎక్కడ ఆగిందో ఆర్థిక శాఖ వ్యయ విభాగంలోని మానిటరింగ్ సెల్ ఒక పోర్టల్‌లో గమనిస్తుంది. పేరాలు ఆడిట్‌కీ శాఖకీ మధ్య నెలల తరబడి బంతిలా తిరుగుతూ ఉండిపోయేది ఈ సరిచూసే దశలోనే. జవాబుతో పాటు రుజువు కాగితాలు జత చేయకపోవడం దీనికి ముఖ్య కారణం. "గదులు సిద్ధం చేశాం" అని రాస్తే చాలదు. అప్పగింత ధ్రువపత్రం, బిగించిన నివేదిక, రోగుల రిజిస్టర్ పేజీ కూడా పెట్టాలి.

మన ఊహాత్మక పేరాను కమిటీ ఎంచుకుందనుకుందాం. ముందు శాఖను నేపథ్య పత్రం అడుగుతారు. తర్వాత ప్రశ్నావళి వెళ్తుంది. సాక్ష్యం రోజున సభ్యులకు ఆడిట్ అధికారులు విషయం వివరిస్తారు. ఆ పైన శాఖ కార్యదర్శిని లోపలికి పిలుస్తారు. కార్యదర్శే ఎందుకంటే, 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి 70వ నియమం ప్రకారం శాఖ ఖర్చుకు ముఖ్య జవాబుదారీ ఆయనే. పీఏసీ ముందు హాజరు కావడం ఆ నియమంలోనే ఆయన విధిగా రాసి ఉంది. మంత్రిని పిలవరు. పద్దుల పరిశీలనలో మంత్రిని సాక్ష్యానికి పిలవకూడదని స్పీకర్ ఆదేశాల్లో 99వది చెబుతుంది. నోట్ల రద్దు సమయంలో ప్రధానిని పిలుస్తారా అన్న చర్చ లేచి చల్లారింది ఈ ఆదేశం దగ్గరే.

గదిలో పద్ధతి చాలా లాంఛనంగా ఉంటుంది. సాక్షులకు ముందే మర్యాదల పత్రం ఇస్తారు: చైర్మన్‌కు తల వంచి నమస్కరించి ఎదురుగా కూర్చోవాలి, అడిగినదానికే జవాబు చెప్పాలి, సెలవు తీసుకుని లేవాలి. కాగ్ గానీ ఆయన అధికారులు గానీ కమిటీ వైపు కూర్చుంటారు. ప్రతి మాటా రిపోర్టర్లు రాసుకుంటారు. ఆ ప్రతిని సరిదిద్దుకోవడానికి సాక్షులకు తర్వాత పంపుతారు. సరిదిద్దుకోవడమంటే అచ్చుతప్పులు, అంకెలు మాత్రమే. చెప్పిన మాట మార్చడానికి వీల్లేదు. సమావేశం మూసిన తలుపుల వెనకే జరుగుతుంది. ఈ పద్ధతికి పుట్టిల్లయిన బ్రిటన్‌లో ఇలాంటి విచారణలు ఎక్కువగా బహిరంగంగానే జరుగుతాయి. మన దగ్గర నివేదిక సభకు చేరేదాకా అంతా గోప్యం. ఇందులో ఒక మంచి ఉంది: కెమెరా లేనప్పుడు సభ్యులు పార్టీ మరిచి ఫైలు గురించి మాట్లాడతారు. నష్టమూ ఉంది: అధికారి తడబడిన క్షణం జనానికి ఎప్పటికీ కనపడదు. నా అభిప్రాయం అడిగితే, సాక్ష్యం చెప్పే భాగాన్నైనా బహిరంగం చేయాలి, ముసాయిదా చర్చను మాత్రం గోప్యంగా ఉంచాలి.

పని జరిగేదీ చెడేదీ ప్రశ్నల దగ్గరే. "ప్రజల సొమ్ము ఇలా వృథా చేస్తారా?" అని గద్దిస్తే కార్యదర్శికి హాయి. "చింతిస్తున్నాం, ఇకపై జాగ్రత్త పడతాం" అంటారు, పది నిమిషాలు గడిచిపోతాయి. అదే సభ్యుడు ఇలా అడిగితే చూడండి: "ఆర్డర్ ఇచ్చే ముందు గదులు సిద్ధంగా ఉన్నాయని ఎన్ని ఆస్పత్రులు రాసిచ్చాయి? రాసివ్వని 14 పేర్లు ఆర్డర్‌లోకి ఎలా వచ్చాయి? గది లేదని మీ ఆఫీసుకు మొదటి ఉత్తరం వచ్చిన తేదీ ఏది? ఆ తేదీ తర్వాత 90 శాతం చెల్లింపు మీద సంతకం ఎవరిది? వారంటీ చేరిన రోజు నుంచి అన్న షరతును ఆర్థిక సలహాదారు చూశారా, చూస్తే నోట్‌షీట్‌లో ఏం రాశారు?" ఒక్కో ప్రశ్నకీ జవాబు ఒక తేదీ, ఒక పేరు, లేదా ఒక పేజీ. వెనక వరసలో కూర్చున్న జాయింట్ సెక్రటరీలు చీటీలు అందించడం మొదలుపెట్టారంటే ప్రశ్న తగలాల్సిన చోట తగిలిందన్నమాట. అప్పటికప్పుడు తెలియకపోతే "రాతపూర్వకంగా ఇస్తాం" అనవచ్చు. అనుభవమున్న చైర్మన్ ఆ మాటను అక్కడితో వదలరు, గడువు చెప్పించి మినిట్స్‌లో ఎక్కిస్తారు. ఎక్కించకపోతే ఆ జవాబు ఎప్పటికీ రాకపోవచ్చు.

ఒక హద్దు గుర్తుంచుకోవాలి. యంత్రాలు కొనాలన్న విధానం మంచిదా కాదా అన్నది పీఏసీ పని కాదు. ఆ విధానాన్ని అమలు చేసిన తీరులో డబ్బు వృథా అయిందా, సభ మంజూరు చేసిన పనికే ఖర్చయిందా, నియమాలు పాటించారా అన్నదే దాని పని. అధికారులు ఇబ్బంది పడినప్పుడు "అది విధాన నిర్ణయం" అనే గొడుగు కిందకు చేరతారు. గది లేని చోటికి యంత్రం పంపడం విధానం ఎలా అవుతుందని అడిగితే ఆ గొడుగు నిలవదు. ఇంకో అడ్డంకి పత్రాలు. కమిటీ ఏ కాగితాన్నైనా తెప్పించుకోవచ్చు గానీ, దేశ భద్రతకు లేదా ప్రయోజనాలకు హాని అన్న కారణంతో ప్రభుత్వం నిరాకరించే వీలు లోక్‌సభ నిబంధనల్లో 270వదానిలోనే ఉంది.

పద్దుల అంకెల మీద కూడా పీఏసీకి సూటి అధికారం ఉంది. పేపర్లు దీన్ని పట్టించుకోవు గానీ ఇది చాలా ముఖ్యం. సభ మంజూరు చేసినదానికంటే ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చయినా, దాన్ని 115వ అధికరణం కింద క్రమబద్ధం చేయాలంటే ముందు పీఏసీ పరిశీలించి సిఫార్సు చేయాలి. తక్కువ ఖర్చు పెట్టినా తప్పే. ఒక గ్రాంటులో, అంటే సభ ఒక శాఖకు మంజూరు చేసిన పద్దులో, 100 కోట్లు, ఆ పైన మిగిలిపోతే ఎందుకు మిగిలాయో శాఖ వివరణ రాసుకోవాలి. అంత డబ్బు అడిగి వాడకపోతే బడ్జెట్ లెక్క అంచనాలోనే తప్పుందని అర్థం. మార్చి నెలలో హడావుడిగా ఖర్చు చేసే జబ్బుకు ఆర్థిక శాఖ పెట్టిన హద్దు, చివరి మూడు నెలల్లో 33 శాతం, మార్చి ఒక్క నెలలో 15 శాతం. ఈ హద్దు దాటిన గ్రాంట్లను వరసగా చూస్తూ పోతే తరచుగా అవే శాఖలు, అవే రకం చెల్లింపులు ఎదురవుతాయి: వాడినట్టు ధ్రువపత్రాలు రాని పాత గ్రాంట్ల మీద మార్చి 31న విడుదలైన కొత్త విడతలు. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లో ఆ ధ్రువపత్రం రావాలని నియమం.

సాక్ష్యం ముగిశాక కమిటీ సచివాలయం ముసాయిదా రాస్తుంది. అందులోని వాస్తవాలను ఆడిట్ సరిచూస్తుంది. కమిటీ ఆమోదించాక సభ ముందు పెడతారు. పీఏసీ నివేదికకు అసమ్మతి పత్రం జోడించే వీలు లేదు. అందరూ ఒప్పుకున్నదే నివేదిక. ఏకాభిప్రాయం వల్లే ఆ మాటకు బరువు వస్తుంది. అది విరిగిపోతే ఏమవుతుందో 2011 ఏప్రిల్‌లో తెలిసింది. 2జీ స్పెక్ట్రమ్ కేటాయింపుల మీద చైర్మన్ మురళీ మనోహర్ జోషి ముసాయిదా సమావేశానికి ముందే బయటికి పొక్కింది. 11 మంది సభ్యులు దాన్ని వ్యతిరేకించారు. అయినా చైర్మన్ దాన్ని స్పీకర్‌కు పంపారు, స్పీకర్ మీరా కుమార్ తిప్పి పంపారు. అంత శ్రమా పీఏసీ నివేదికగా నిలవలేదు.

నివేదిక వచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఆరు నెలల్లో ప్రతి సిఫార్సుకీ శాఖ చర్యా నోట్ పంపాలి. వాటిని చూసి కమిటీ మరో నివేదిక ఇస్తుంది. ఇందులో అయిదు అధ్యాయాలుంటాయి. మొదటిది కమిటీ వ్యాఖ్య. రెండోది ప్రభుత్వం ఒప్పుకున్న సిఫార్సులు. మూడోది జవాబు చూశాక కమిటీ వదిలేసినవి. నాలుగోది జవాబు నచ్చక కమిటీ మళ్లీ నొక్కి చెప్పినవి. అయిదోది ప్రభుత్వం మధ్యంతర జవాబుతో సరిపెట్టినవి. రెండో అధ్యాయం లావుగా ఉంటే అంతా బాగుందని మురిసిపోకండి. "గమనించాం, మార్గదర్శకాలు జారీ చేశాం, అందరికీ సర్క్యులర్ పంపాం" అన్న జవాబులు కూడా ఒప్పుకున్నట్టుగా అందులోనే చేరతాయి. సర్క్యులర్ నంబర్, తేదీ, దాని వల్ల మారిన ఒక్క అంకె ఆ జవాబులో ఉన్నాయా అని చూడండి. అయిదో అధ్యాయంలోని "పరిశీలనలో ఉంది" అన్న వాటిని రాసి పెట్టుకోండి. సభ్యులు ఏటా మారతారు, అయిదేళ్లకోసారి సభే మారుతుంది. గుర్తు పెట్టుకుని అడిగేవాళ్లు లేకపోతే అవి అక్కడే ఉండిపోతాయి.

అధికారులు ఎందుకు జంకాలన్న మీ మాటకు ఇప్పుడు వస్తాను. "బాధ్యులెవరో తేల్చి చర్య తీసుకోండి" అని కమిటీ రాస్తే, చట్టం బలవంతం లేకపోయినా, ఏం చేశామో రాతపూర్వకంగా చెప్పుకోవాలి కాబట్టి క్రమశిక్షణ చర్య మొదలుపెట్టాలన్న, అవసరమైతే విజిలెన్స్‌కి పంపాలన్న ఒత్తిడి శాఖ మీద పడుతుంది. కానీ పింఛను నియమాల్లో ఒక గోడ ఉంది. ఉద్యోగి రిటైరయ్యాక శాఖాపరమైన విచారణ కొత్తగా మొదలుపెట్టాలంటే, ఆ సంఘటన జరిగి నాలుగేళ్లు దాటి ఉండకూడదు. మన యంత్రాల కథకు తేదీలు వేయండి. చెల్లింపు 2016లో. ఆడిట్ 2019లో. కాగ్ నివేదిక 2020లో. సాక్ష్యం 2021లో, పీఏసీ నివేదిక 2022లో. సంతకం పెట్టిన అధికారి 2019లో రిటైరయ్యారనుకోండి. 2020తోనే గడువు అయిపోయింది. 2022లో "బాధ్యత తేల్చండి" అని ఎంత గట్టిగా రాసినా శాఖపరంగా ఆయన మీద ఏమీ కాదు, క్రిమినల్ కేసు పెట్టదగిన తప్పు ఉంటే తప్ప. ఎదురుగా కూర్చున్న ప్రస్తుత కార్యదర్శి ఆ రోజుల్లో వేరే రాష్ట్రంలో ఉండి ఉంటారు. ఈ గోడను దాటే దారి ఒక్కటే. ఆడిట్ ముసాయిదా పేరా వచ్చిన ఆరు వారాల్లోనే శాఖ లోపల విచారణ మొదలైందా లేదా అని కమిటీ ప్రతిసారీ మొదటి ప్రశ్నగా అడగాలి. మొదలు కాలేదంటే, దాన్ని ఆపినవాళ్లు ఇంకా సర్వీసులోనే ఉండే అవకాశం ఎక్కువ. ఆ జాప్యానికి బాధ్యులను చేయవలసింది వాళ్లనే.

ఉద్యోగ వ్యవస్థ గురించే అడిగేవాళ్లకు ఇంకో కమిటీ ఉంది. శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు 17తో మొదలై 2004లో 24 అయ్యాయి. ఒక్కో దానిలో 31 మంది. వాటిలో సిబ్బంది, న్యాయ వ్యవహారాల సంఘం ఐఏఎస్‌ల కొరత మీద ఏళ్లుగా అడుగుతూనే ఉంది. 2022 జనవరి 1 నాటికి 6,789 పోస్టులకు 5,317 మందే ఉన్నారు, అంటే 1,472 ఖాళీలు. ఏటా తీసుకునే 180 మందిని పెంచితే నాణ్యత తగ్గుతుందన్నది ప్రభుత్వ పక్షాన వినిపించిన వాదన. ఇక్కడ పీఏసీకి లేని వెసులుబాటు ఉంది: విధానం గురించి కూడా మాట్లాడవచ్చు, అసమ్మతి పత్రం రాయవచ్చు. జవాబుకు గడువు మూడు నెలలు. అమలు ఎంతవరకు వచ్చిందో ఆరు నెలలకోసారి మంత్రి స్వయంగా సభలో ప్రకటన చేయాలి.

మీరే చదివి చూడాలనుకుంటే లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఆర్థిక కమిటీల కింద పీఏసీ నివేదికలన్నీ ఉన్నాయి. ఒక నివేదిక తెరిచి ముందు అనుబంధంలోని మినిట్స్ చదవండి, ఎవరెవరు హాజరయ్యారో అక్కడ ఉంటుంది. తర్వాత అదే నివేదిక మీద వచ్చిన చర్యా నివేదిక వెతకండి, దానికి వేరే నంబర్ ఉంటుంది. నివేదిక సభకు చేరకముందే సాక్ష్యం కాపీ కోసం ఆర్టీఐ పెడితే సభాహక్కుల మినహాయింపు కింద, అంటే 8(1)(సి) కింద తిరస్కరిస్తారు. కమిటీని కాకుండా శాఖనే అడగండి: ఫలానా కాగ్ నివేదికలోని ఫలానా పేరా మీద మీ చర్యా నోట్ ఆడిట్‌కు ఏ తేదీన పంపారు, ఏ తేదీన తిరిగి వచ్చింది, తిరిగి వస్తే ఏ కారణంతో అని. అది శాఖ దగ్గర రిజిస్టర్‌లో ఉండే సమాచారం.